ఎనిమిది కిలోమీటర్లు

బడి, స్టాఫు గది
ఆగస్టు 6

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే "ఊ", "ఆ", "సరేలే అక్కా" అని మూడు ముక్కలతో తేల్చేస్తావు. ఉత్తరమైతే కనీసం నేను చెప్పేది పూర్తయ్యేదాకా అడ్డం పడవు. అందుకని మా బడి నుంచి మీ ఆఫీసుకు వారానికోసారి వెళ్ళే తపాలు సంచిలో దీన్ని పడేస్తున్నాను. ఆఫీసు సంచిలో సొంత ఉత్తరం వేయడం తప్పే. కానీ ఆ సంచి విప్పేది నువ్వే కాబట్టి తప్పు మన ఇల్లు దాటి బయటికి పోదు.

ఇక సంగతి. వందమంది లేని బళ్ళన్నీ తీసుకెళ్ళి పెద్ద బళ్ళలో కలిపేస్తారని గట్టిగా వినిపిస్తోంది. మాకున్నది ఎనభై ముగ్గురు. హెడ్మాస్టరు గారికి కంటిమీద కునుకు లేదు. నిన్న మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "ఇక్కడ పిల్లలు ఎంత బాగా రాణిస్తున్నారో పైవాళ్ళకు తెలియాలి. నెలనెలా ఒక నివేదిక పంపుదాం" అన్నారు. పేరు కూడా ఆయనే పెట్టేశారు: విద్యార్థుల కార్యక్రమాలు, విజయాలు. రాసే పని ఎవరి నెత్తిన పడుతుంది? భాష చెప్పేదాన్ని, నా నెత్తినే పడింది.

మొదటి నివేదిక ఇందులోనే ఉంది, చూడు. వ్యాసరచనలో మూడో బహుమతి ఒకటి. వాలీబాల్లో చిత్తుగా ఓడిపోయారు, "గట్టి పోటీ ఇచ్చారు" అని రాశాను. నోటిలెక్కల పోటీలో మటుకు నిజంగానే మొదటి బహుమతి వచ్చింది, మా చిన్న హెడ్డుకి. ఆ పిల్ల గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? తొమ్మిదో తరగతి. ఒక కాలికి మోకాలి పైదాకా ఇనుప కడ్డీల బూటు ఉంటుంది. బడి వెనక సందులోనే ఇల్లు, తల్లి బట్టల ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. గంట కొట్టే మనిషి ఒక్క నిమిషం ఆలస్యం చేసినా వెళ్ళి అడిగేస్తుంది. సుద్దముక్కలు అయిపోతే నాకంటే ముందు తనకే తెలుస్తుంది. హెడ్మాస్టరు గారే ఒకసారి, "అమ్మా, నువ్వుండగా నేనెందుకు?" అన్నారు. అప్పటినుంచి అందరికీ చిన్న హెడ్డే.

నిజం చెప్పు, ఈ కాగితాలు అక్కడ ఎవరైనా చదువుతారా?

మీ అక్క

*

విద్యాశాఖ కార్యాలయం, మూడో అంతస్తు
ఆగస్టు 21

అక్కా,

చదువుతారు. నేను చదువుతాను. ఆ తర్వాత నెంబరు వేసి, ముద్ర కొట్టి, దారం కట్టి బీరువాలో పెడతాను. అంతకు మించి ఏ కాగితానికీ ఇక్కడ మర్యాద జరగదు.

బళ్ళను కలిపే మాట నిజమే. నలభై ఒక్క బళ్ళ జాబితా తయారవుతోంది. ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో నాకు తెలియదు. కానీ మా అధికారి సంగతి తెలుసు కాబట్టి ఒక సలహా ఇస్తాను. ఆయన వాక్యాలు చదవరు, అంకెలు చదువుతారు. "ఉత్సాహంగా పాల్గొన్నారు" అని రాస్తే పేజీ తిప్పేస్తారు. ఎంతమంది వెళ్ళారు, ఎంత దూరం, ఎన్ని మార్కులు, అవి రాయి. అందరూ పాల్గొన్న కార్యక్రమమైతే మరీ మంచిది. "ముప్ఫైమందికి ముప్ఫైమంది" అంటే ఆయన కళ్ళజోడు సవరించుకుంటారు. నేను కళ్ళారా చూశాను.

నీ వాలీబాల్ వాక్యానికి నవ్వాపుకోలేక పక్క గుమాస్తా ముందు దొరికిపోయాను. చిన్న హెడ్డుని ఒకసారి మా ఆఫీసుకు పంపు. ఇక్కడ గంట కొట్టే మనిషే లేడు. పదకొండింటికి వచ్చేవాళ్ళు పదకొండింటికి, పన్నెండింటికి వచ్చేవాళ్ళు పన్నెండింటికి వస్తారు.

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఆ మెట్లన్నీ రోజుకు నాలుగుసార్లు ఎక్కకు.

తమ్ముడు

*

బడి, స్టాఫు గది
అక్టోబరు 30

తమ్ముడూ,

అంకెలు కావాలన్నావుగా, ఇదిగో తీసుకో.

పోయిన శనివారం డ్రిల్లు మాస్టారు తొమ్మిదో తరగతినంతా ప్రకృతి పరిశీలనకని రిజర్వాయరు దాకా నడిపించారు. ఇక్కణ్ణించి ఎనిమిది కిలోమీటర్లు. ముప్ఫై ఒక్కమందికి ముప్ఫై ఒక్కమంది. దారిలో పదహారు రకాల పక్షుల్ని చూశామని పుస్తకాల్లో రాసుకున్నారు. అందులో నాలుగు కాకులే అని నా అనుమానం. నేనూ వెంట వెళ్ళాను, నా మోకాళ్ళు ఇంకా తిడుతూనే ఉన్నాయి.

నివేదిక జతచేశాను. నీకు ఓపిక లేకపోతే ఆ వాక్యం ఇక్కడే రాస్తున్నా: "కాలికి ఇనుప బూటు ధరించే విద్యార్థిని సహా తొమ్మిదో తరగతికి చెందిన ముప్ఫై ఒక్కమంది ఎనిమిది కిలోమీటర్లు నడిచి రిజర్వాయరు చేరుకున్నారు." ఎలా ఉంది? హెడ్మాస్టరు గారు రెండుసార్లు చదివి, "ఇది పైవాళ్ళ కంట పడాలమ్మా" అన్నారు. ఒక ప్రతి నోటీసు బోర్డుకు అంటించాం. చిన్న హెడ్డు దాని ముందు చాలాసేపు నిలబడి చదువుకుంది. సంతోషం ఎక్కువైందో ఏమో, ఏమంత నవ్వలేదు.

ఇంకా కొత్త సంగతులు: ఎనిమిదో తరగతి పిల్లలు వానకొలమానం తయారుచేశారు, పని చేస్తోంది కూడా. పదో తరగతివాళ్ళ నాటిక అచ్చం మన చిన్నప్పటి నాటికలాగే మధ్యలో ఆగిపోయింది. అది రాయలేదులే.

ఇది చూశాక ఎవరైనా ఏమన్నా అన్నారో లేదో తప్పకుండా రాయి.

అక్క

*

విద్యాశాఖ కార్యాలయం
నవంబరు 14

అక్కా,

అన్నారు! నీ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత పడింది. పదేళ్ళ నౌకరీలో ఒక బడి నివేదిక కింద గీత పడటం ఇదే మొదటిసారి. అధికారి నన్ను లోపలికి పిలిపించి, "ఇది నిజమేనా? ఆ కాలుతో ఆ అమ్మాయి ఎనిమిది కిలోమీటర్లు నడిచిందా?" అని అడిగారు. "రాసింది మా అక్క సార్. ఎండ కాస్తే వాన కురిసిందని సరదాకైనా రాయని మనిషి" అన్నాను. ఆయన తల ఊపి, "చాలా ఉపయోగపడే సమాచారం" అన్నారు.

ఉపయోగపడే అన్నారక్కా. నాకైతే మీ బడి గట్టెక్కినట్టే అనిపిస్తోంది. హెడ్మాస్టరు గారికి ఇంకా చెప్పకు, దిష్టి తగులుతుంది. చిన్న హెడ్డుకు మాత్రం నా తరఫున ఒక మంచి పెన్ను కొనిపెట్టు.

తమ్ముడు

*

బడి
జనవరి 19

తమ్ముడికి,

ఉత్తర్వు వచ్చింది.

వచ్చే విద్యాసంవత్సరం నుంచి మా బడి ఉండదు. పిల్లలు ఊరి అవతల ఉన్న పెద్ద బడికి వెళ్ళాలి. ఏడున్నర కిలోమీటర్లు, ఆ దారిలో బస్సు లేదు. ఇలా అవుతుందని ముందునుంచీ భయపడుతూనే ఉన్నాం. కలిపేస్తే కనీసం ఒక బండి వేస్తారు, కాలు సరిగా లేని పిల్లకైనా వేస్తారు అని తల్లిదండ్రులతో మేమే చెబుతూ వచ్చాం. ఉత్తర్వులో నాలుగో పేరా నీకు కంఠతా వచ్చే ఉంటుంది, అయినా రాస్తున్నాను.

"సదరు పాఠశాల స్వయంగా సమర్పించిన నివేదిక ప్రకారం, కాలికి ఉపకరణం ధరించే విద్యార్థిని సైతం ఎనిమిది కిలోమీటర్ల దూరాన్ని కాలినడకన సునాయాసంగా చేరుకోగలిగినందున, వాహన సదుపాయం అవసరం లేదని నిర్ణయించడమైనది."

హెడ్మాస్టరు గారు దీన్ని గట్టిగా చదివి కాగితం నా ముందు పెట్టారు. తిట్టినా బాగుండేది. స్టాఫు గదిలో అందరూ ఎవరి పుస్తకాల్లోకి వాళ్ళు తలలు దించుకున్నారు.

రెండు విషయాలు అడుగుతాను. "సునాయాసంగా" అని నేను రాయలేదు. అది ఎక్కణ్ణించి వచ్చింది? ఉత్తర్వు అడుగున ఎడమపక్క, కాగితం తయారుచేసినవాళ్ళ పొడి అక్షరాలు ఉంటాయి. అవి నీవి. ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలియదని నాకు ఆగస్టులో రాశావు.

అక్క

*

ఇంటి నుంచి
జనవరి 27

అక్కా,

ఆఫీసులో కూర్చుని రాయలేక ఇంటికి వచ్చి రాస్తున్నాను.

ఆ ఫైలు మొదటినుంచీ నా బల్ల మీదే ఉంది. చెబితే రోజూ అడుగుతావని, అడిగితే చెప్పాల్సి వస్తుందని దాచాను. మీ బడిని జాబితాలోంచి తప్పించాలనే నీ నివేదికను ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాను. "ఇలాంటి పట్టుదల ఉన్న పిల్లలున్న బడిని కొనసాగించవలెను" అని నోటు రాసింది నేనే. సునాయాసంగా అన్న మాటా నాదే. నీ వాక్యం కాస్త చప్పగా ఉందనిపించి కలిపాను. బాగా నప్పిందని కూడా అనుకున్నాను.

అధికారి అది చదివి, "ఇంత చక్కగా నడుస్తుంటే ఇక అభ్యంతరం ఏముంది? కలిపేయండి, బండి కూడా అక్కర్లేదు" అన్నారు. ఆయన చెబుతుంటే రాసుకున్నాను. మధ్యలో ఒకసారి నోరు తెరిచాను. ఆయన తలెత్తి చూశారు. మళ్ళీ మూసుకున్నాను. నేను అప్పుడు మాట్లాడి ఉండాల్సింది. పిరికివాణ్ణి అక్కా, నీకు కొత్తగా చెప్పేదేముంది.

ఒక దారి ఉంది. ఉత్తర్వు మీద ముప్ఫై రోజుల్లోపు అభ్యంతరం పంపొచ్చు. ఆ పిల్ల అంత దూరం రోజూ నడవలేదని డాక్టరు చేత రాయించి పంపు. కాకపోతే వాళ్ళు మొదట అడిగేది ఒకటే: నడవలేనిది అక్టోబరులో ఎలా నడిచింది? దానికి నువ్వు జవాబు చెప్పాలి.

ఆ రోజు నువ్వూ వెంట వెళ్ళావు. ఆ పిల్ల నడిచిందా అక్కా?

తమ్ముడు

*

బడి
ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నడవలేదు.

ఒకటిన్నర కిలోమీటరు నడిచింది. అప్పటికే బూటు తోలుపట్టీ ఒరుసుకుని తొడ దగ్గర రక్తం వచ్చింది. మంచినీళ్ళ డబ్బాలు మోసుకొస్తున్న సైకిలు వెనక కూర్చోబెట్టాం. పిల్లలు వంతులేసుకుని తోశారు. అందరికంటే ముందు చేరింది తనే. చేరాక గట్టు మీద నిలబడి "తొందరగా రండి, ఏంటా నత్తనడక!" అని అందరి మీదా కేకలేసింది. ఆ రోజంత హాయిగా ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదు.

దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఏం పోయేది? సైకిలు తోసిన పిల్లల మంచితనం కూడా విజయమే కదా. కానీ నువ్వు ముప్ఫైకి ముప్ఫై అన్నావు. కలం దగ్గరికి వచ్చేసరికి ముప్ఫై ఒక్కమందిలో ముప్ఫైమందే నడిచారు అనడానికి నాకు మనసొప్పలేదు. మిగిలిన ఆ ఒక్కరూ ఆ పిల్లే అవుతుంది. ఎప్పుడూ అన్నిట్లోనూ ఆ మిగిలిపోయే ఒక్కరూ తనే. నా నివేదికలోనైనా అందరితో కలిసి నడవనీ అనుకున్నాను. నీ మీద నెట్టడం లేదు, రాసింది నేను.

ఇంకో సంగతి కూడా నీ దగ్గర దాచాను. నోటీసు బోర్డు చూసిన రోజు మధ్యాహ్నం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. "టీచర్, నేను నడవలేదు కదా. అది కొట్టేయండి" అంది. "ఇంత చిన్న విషయం ఎవరు చూస్తారే? పో, క్లాసుకి వెళ్ళు" అన్నాను. "చూసేవాళ్ళు లేకపోతే బోర్డు మీద ఎందుకు పెట్టారు?" అని అడిగింది. నేను పుస్తకాలు దిద్దుకుంటున్నట్టు నటించాను.

నిన్న దాని తల్లి దగ్గరికి వెళ్ళాను. ఇస్త్రీపెట్టె ఆపకుండానే, "మా పిల్ల నడిచిందని మీరే రాశారంటగా" అంది. కోపంగా అనలేదు. నిజంగానే నడిచిందేమో, ఇంట్లో తనకు చెప్పలేదేమో అని సందేహంగా అడిగింది. తల కొట్టేసినట్టయింది నాకు.

ఇదిగో, అభ్యంతరం ఇందులో పెట్టాను. డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. దాంతోపాటు, నేను అబద్ధం రాశానని ఒప్పుకుంటూ నా సంతకంతో ఒక పేజీ ఉంది. హెడ్మాస్టరు గారు వద్దన్నారు, నా ఉద్యోగం మీదికి వస్తుందన్నారు. రానీ. ఇన్నాళ్ళు చేశాను, చాలు. అందిన రోజే నెంబరు వేసి లోపలికి పంపు. ఇంకా పదిహేను రోజుల గడువుంది.

అక్క

*

ఇంటి నుంచి
ఫిబ్రవరి 22

అక్కా,

ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే చింపెయ్యి.

నీ అభ్యంతరం లోపలికి వెళ్ళలేదు. సంచిలోంచి తీసి నెంబరు వేయకుండా నా సొరుగులో పెట్టాను. గడువు నాలుగు రోజుల క్రితం అయిపోయింది. ఇప్పుడు పంపినా తీసుకోరు.

మొదట ఒక్క రోజే అనుకున్నాను. నువ్వు రాసిన ఆ పేజీ లోపలికి వెళితే మరుసటి రోజే నిన్ను తీసేస్తారు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది, ఒంటరిదానివి, మోకాళ్ళు అలా ఉన్నాయి. నీ పేజీ తీసేసి డాక్టరు కాగితం ఒక్కటే పంపుదామా అని రోజూ ఆలోచించాను. అది పంపితే నిన్ను అడుగుతారు, అడిగితే నువ్వు దాచవు. సొరుగు తెరిచి చూడటం, మూయడం. పద్దెనిమిదో తేదీ సాయంత్రం ఆఫీసు మూసేదాకా ఆ కాగితాలు చేతిలోనే ఉన్నాయి. నిన్ను కాపాడుకోవాలనే చేశాను. ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదక్కా. నిన్ను రోజూ చూస్తూ పెరిగాను. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

నువ్వు తిడుతూ రాసినా సరే, రాయి.

తమ్ముడు

*

కొత్త బడి, స్టాఫు గది
జూలై 16

ఐదు నెలలుగా నీకు రాయలేదు. ఇది సంచిలో వేయడం లేదు, తపాలా బిళ్ళ అంటించి పోస్టులో వేస్తున్నాను.

మా బడికి తాళం పడ్డాక టీచర్లను తలా ఒక దిక్కుకు పంపారు. నాకు వచ్చిన చోటు నుంచి అక్కడికి రైల్లో సగం రోజు ప్రయాణం. మా పిల్లలు పెద్ద బడిలో చేరారని మాత్రం తెలుసు. తొమ్మిది పాసైన ఇద్దరు ఆడపిల్లలు చిన్న హెడ్డుని తమ సైకిళ్ళ మీద వంతులవారీగా తీసుకెళతామని నాకు మాటిచ్చారు. ఆ ధైర్యంతోనే ఊరు వదిలాను. మొన్న ఆదివారం చూసి వద్దామని వెళ్ళాను.

ఇస్త్రీ దుకాణంలో లోపలి బల్ల దగ్గర కూర్చుని చొక్కాలు మడతపెడుతోంది. కాలికి బూటు లేదు. తొడ నుంచి పాదం దాకా కట్టు కట్టి ఉంది, కాలు ఇంకో స్టూలు మీద చాపుకుంది. నన్ను చూసి లేవబోయింది. తల్లే చెప్పింది.

బడి తెరిచిన రోజు సైకిలు గుమ్మం ముందుకు వచ్చిందట. ఇది ఎక్కనందట. "నేను నడిచే వెళతాను" అని తెల్లవారుతూనే బయల్దేరిందట. మూడో పీరియడుకు చేరింది. రెండో రోజూ అంతే. స్నేహితురాళ్ళు పక్కన సైకిళ్ళు నడిపించుకుంటూ బతిమాలితే, వాళ్ళకు ఆలస్యమవుతుందని కసిరి పంపేసింది. నాలుగో రోజు పెద్ద బడి గేటు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా ముందుకు నడుస్తూనే ఉంటే, వాచ్‌మన్ వెనకాలే కేకలేసుకుంటూ వెళ్ళాడట. ఇంకో అర కిలోమీటరు, పెట్రోలు బంకు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిందట. ఎందుకలా చేసిందో తల్లికి ఇప్పటికీ అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది.

ఆ సాయంత్రం బూటు విప్పితే మేజోడు చర్మానికి అంటుకుని ఊడిరాలేదు. చీము పట్టి ఎముక దాకా పోయింది. ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచారు. ఏడాదిపాటు బూటు వేయకూడదన్నారు, ఆ తర్వాత కూడా వేయగలదని మాటివ్వలేదు. బడికి రావడం లేదని పెద్ద బడిలో పేరు కొట్టేశారు. "చదివింది చాల్లెండి టీచర్, నా కళ్ళముందు ఉంటుంది" అంది తల్లి. ఆవిడతో వాదించడానికి నాకేం హక్కుంది?

నేను దాని పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలని రైల్లో ఎన్నో మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. అదే ఒక చొక్కా మడత పూర్తిచేసి, దొంతర మీద సర్ది, నా వైపు తిరిగింది.

"ఎనిమిదీ నడిచాను టీచర్, ఎక్కడా సైకిలెక్కలేదు. ఇప్పుడు మీరు రాసింది అబద్ధం కాదు కదా?"

అక్క